మద్రాసు ఆకాశంలో ఒక తార, ఒక తోకచుక్క

1863 మే 20. మద్రాసు నుంగంబాకంలోని ప్రభుత్వ వేధశాలలో నార్మన్ రాబర్ట్ పోగ్సన్ వృశ్చిక రాశిని పరిశీలిస్తున్నారు. అంతకుముందు అక్కడ లేని చుక్క ఒకటి కంటబడింది. మామూలు కంటికి ఆనేంత వెలుగు లేదు గానీ టెలిస్కోపులో స్పష్టంగానే ఉంది. దాని స్థానం కొలిచి, వెలుగు అంచనా కట్టి రాసుకున్నారు. తర్వాతి రాత్రుల్లో అది చకచకా మసకబారి, కొద్ది వారాల్లోనే కనుమరుగైంది. దానికి యూ స్కార్పియై అని పేరు పెట్టారు. అది మళ్లీ వెలుగుతుందన్న సంగతి డెబ్బై ఏడేళ్ల దాకా ఎవరికీ తెలియలేదు.

పోగ్సన్ మద్రాసుకు వచ్చింది 1861లో. 1891లో చనిపోయేదాకా అక్కడే ఉన్నారు. అయితే అంతకుముందే, 1856లో, ఇంగ్లండులో ఉండగా ఆయన చేసిన ఒక పని ఈనాటికీ ప్రతి ఖగోళ శాస్త్రవేత్త నోట్లోనూ నలుగుతూనే ఉంది. చుక్కల్ని ఒకటో తరగతి, రెండో తరగతి అంటూ ఆరు తరగతులుగా విడదీయడం గ్రీకుల కాలం నుంచీ ఉన్నదే. ఆ తరగతికే మాగ్నిట్యూడ్ అని పేరు. ఒకటో తరగతి తార ఆరో తరగతి తారకంటే సరిగ్గా వంద రెట్లు వెలుగుతుందని పోగ్సన్ కొలత బిగించారు. అంటే ఒక్కో మెట్టుకు సుమారు 2.512 రెట్లు తేడా. అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది. చీకటి పల్లెలో మంచి కంటిచూపు ఉన్నవారికి ఆరు దాకా కనిపిస్తుంది. బైనాక్యులర్స్‌తో తొమ్మిది దాకా వెళ్లవచ్చు. పోగ్సన్ చూసిన కొత్త చుక్క ఆ తొమ్మిది దగ్గరే ఉంది.

ఆ మద్రాసు వేధశాల ఇప్పుడు లేదు. నుంగంబాకంలోని వాతావరణ శాఖ ఆవరణలో, ఒకప్పుడు పరికరాన్ని మోసిన గ్రానైటు స్తంభం మాత్రం మిగిలింది. దాని మీద చెక్కిన భాషల్లో తెలుగు కూడా ఉంది. పోగ్సన్ దగ్గర సహాయకుడిగా పనిచేసిన చింతామణి రఘునాథాచారి కూడా 1867లో అక్కడి నుంచే ఆర్ రెటిక్యులై అనే చరతారను కనుగొన్నారు. వెలుగు హెచ్చుతగ్గులయ్యే తారల్ని చరతారలు అంటారు. ఆనాటి మద్రాసు ప్రెసిడెన్సీలో మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా ఉండేవి. అందుకే ఈ వేధశాల చరిత్ర మన చరిత్ర కూడా అని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఇక తోకచుక్క సంగతి. బియెలా అనే తోకచుక్క ఆరున్నరేళ్లకోసారి సూర్యుడి చుట్టూ తిరిగేది. 1846లో అందరూ చూస్తుండగానే అది రెండు ముక్కలైంది. 1852లో రెండు ముక్కలూ విడివిడిగా వచ్చి వెళ్లాయి. ఆ తర్వాత జాడ లేదు. 1872 నవంబరు 27 రాత్రి యూరప్‌లో మాత్రం ఉల్కల వాన కురిసింది. ఆ ఉల్కలు బియెలా దారిలోంచే వచ్చాయి. అంటే తోకచుక్క భూమిని రాసుకుంటూ వెళ్లి ఉండాలని గొటింగెన్‌లోని క్లింకర్‌ఫ్యూస్ భావించారు. అలా అయితే అది ఇప్పుడు ఉల్కలు వచ్చిన దిక్కుకు సరిగ్గా ఎదురు దిక్కున, దక్షిణాకాశంలో, తీటా సెంటారై అనే తార దగ్గర ఉండాలి. యూరప్ నుంచి ఆ చోటు కనపడదు. మద్రాసు నుంచి కనిపిస్తుంది. ఆయన పోగ్సన్‌కు టెలిగ్రాం కొట్టారు.

అది ఈశాన్య రుతుపవనాల కాలం, మద్రాసుకు అసలైన వానలు అప్పుడే. అయినా డిసెంబరు 2 తెల్లవారుజామున మేఘాలు కాస్త విడిపోయినప్పుడు పోగ్సన్‌కు చెప్పిన చోటికి దగ్గర్లోనే గుండ్రటి తోకచుక్క కనిపించింది. 3వ తేదీన మళ్లీ చూశారు. ఈసారి చిన్న తోక కూడా ఉంది. తారల మధ్య అది జరిగిన దూరం కొలిచారు. ఆ తర్వాత మబ్బులు, వాన. మళ్లీ ఆకాశం తేటపడేటప్పటికి తోకచుక్క అందుబాటులో లేదు.

ఒక కొత్త వస్తువు సూర్యుడి చుట్టూ ఏ దారిలో తిరుగుతోందో లెక్కకట్టాలంటే వేర్వేరు సమయాల్లో కనీసం మూడు స్థానాలు కావాలి. రెండు చాలవు. రెండు బిందువుల గుండా ఎన్ని కక్ష్యలైనా గీయవచ్చు. పోగ్సన్ చేతిలో ఉన్నవి రెండు ఉదయాలే. తర్వాతి లెక్కల్లో తేలింది ఒక్కటే: బియెలా అంతకు వారాల ముందే ఆ ప్రాంతం దాటిపోయింది కాబట్టి ఇది బియెలా కాదు. మరైతే ఏది? పోగ్సన్ చూసినది పొరపాటని తేల్చినవారు లేరు, దాన్ని మళ్లీ చూసినవారూ లేరు. తప్పుడు ఊహతో వెతకబోతే దారిలో నిజమైన తోకచుక్క ఒకటి దొరకడం, మూడో ఉదయం మబ్బు పట్టి అదీ చేజారిపోవడం! ఖగోళ చరిత్రలో నన్ను ఇంతగా బాధపెట్టే ఘటన మరొకటి లేదు.

తార కథ మాత్రం అక్కడ ఆగిపోలేదు. అమెరికాలోని హార్వర్డ్ వేధశాల దశాబ్దాలపాటు ఆకాశం మొత్తాన్నీ గాజు పలకల మీద ఫొటోలు తీసి భద్రపరిచింది. 1940లో హెలెన్ థామస్ ఆ పాత పలకలు వెతికితే, పోగ్సన్ చెప్పిన చోటే 1906లో ఒకసారి, 1936లో ఇంకోసారి ఆ చుక్క వెలిగి ఉంది. వెలిగిన నాడు ఎవరూ గమనించలేదు. 1979లో జపాన్‌లో కళ్లముందే పట్టుకున్నారు. తర్వాత 1987, 1999, 2010, 2022. పాత పలకల్లోంచి మరికొన్ని బయటపడ్డాయి. సుమారు పదేళ్లకోసారి వెలిగే తార అన్నమాట. ఇలా మళ్లీ మళ్లీ పేలే తారల్ని పునరావృత నోవాలు అంటారు. మన పాలపుంతలో ఇలాంటివి తెలిసినంతలో పది దాకా ఉన్నాయి.

నిజానికి అది ఒక తార కాదు, ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే జంట. అందులో ఒకటి తెల్ల మరుగుజ్జు తార. సూర్యుడంత పదార్థం భూమంత గోళంలోకి కుంచించుకుపోయిన, ఇంధనం అయిపోయిన తార. పక్కనున్న తార నుంచి హైడ్రోజన్ దీని మీదికి ధారగా పడుతూ పొరగా పేరుకుంటుంది. మామూలు వాయువును వేడి చేస్తే వ్యాకోచిస్తుంది, వ్యాకోచిస్తే చల్లబడుతుంది. మరుగుజ్జు మీద విపరీతంగా ఒత్తుకుపోయిన పొర అడుగున ఆ వెసులుబాటు లేదు. వేడెక్కినా వ్యాకోచించదు కాబట్టి కేంద్రక సంలీనం మొదలైతే వేడి పెరుగుతూనే పోతుంది. వేడి పెరిగినకొద్దీ సంలీనం ఇంకా జోరందుకుంటుంది. విజిల్ మూసుకుపోయిన కుక్కర్ పరిస్థితి అది. చివరికి పొర మొత్తం పేలి అంతరిక్షంలోకి ఎగజిమ్ముతుంది. తార మాత్రం చెక్కుచెదరదు. మళ్లీ హైడ్రోజన్ పేరుకోవడం మొదలవుతుంది.

పొర పేలడానికి ఎంతకాలం పడుతుందన్నది రెండింటి మీద ఆధారపడుతుంది: మరుగుజ్జు బరువు, హైడ్రోజన్ పడే వేగం. యూ స్కార్పియైలోని మరుగుజ్జు, అటువంటి తార తట్టుకోగల గరిష్ఠ బరువుకు దగ్గర్లో ఉంది. అందుకే కొద్దిపాటి పొర చాలు, పేలుతుంది. అందుకే అంత త్వరగా చల్లారుతుంది కూడా. వెలుగు శిఖరానికి చేరిన రోజుకే ఒక మాగ్నిట్యూడ్ దాకా పడిపోతుంది. పేలుళ్ల మధ్యకాలంలో తార ఎంత వెలుగుతోందో చూస్తే హైడ్రోజన్ ఎంత వేగంగా పడుతోందో తెలుస్తుంది. ఈ లెక్కతోనే అమెరికా శాస్త్రవేత్త బ్రాడ్లీ షేఫర్, తర్వాతి పేలుడు 2009 ఏప్రిల్ ప్రాంతంలో, ఏడాది అటూ ఇటూగా జరుగుతుందని ముందే చెప్పారు. 2010 జనవరి 28న ఫ్లోరిడాలోని ఇద్దరు ఔత్సాహికులు తెల్లవారకముందు దాన్ని పట్టుకున్నారు. ముందే తెలుసు కాబట్టి నేల మీది టెలిస్కోపులు, ఆకాశంలోని ఉపగ్రహాలు గంటల్లో అటు తిరిగాయి.

అదే షేఫర్ అంచనా మరో తార విషయంలో నెరవేరలేదు. ఉత్తర కిరీటం అనే చిన్న తారాగుంపులో టీ కరోనే బొరియాలిస్ ఉంది. మామూలుగా పదో మాగ్నిట్యూడ్. 1866లో పేలి రెండో మాగ్నిట్యూడ్‌కు, అంటే ధ్రువనక్షత్రమంత వెలుగుకు వచ్చింది. 1946 ఫిబ్రవరిలో మళ్లీ పేలింది. ఎనభై ఏళ్ల తేడా. 1946 పేలుడుకు ముందు ఏడాది పైగా అది కొంచెం మసకబారిందని పాత రికార్డులు చెబుతున్నాయి. 2023లోనూ అలాగే మసకబారింది. 2024లో పేలుతుందని లోకమంతా కాచుకుంది. ఆ గడువు దాటిపోయింది. రెండే పేలుళ్లు సరిగ్గా కొలిచిన తారను పట్టుకుని నెల చెప్పడం మొదటి నుంచీ సాహసమే. యూ స్కార్పియైకి అరడజను పైగా పేలుళ్ల చరిత్ర ఉంది. టీ కరోనే విషయంలో లోటు సిద్ధాంతంలో కాదు, చరిత్రలో.

1946 నాటి పేలుడు దగ్గర లెస్లీ పెల్టియర్ గురించి చెప్పాలి. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో డెల్ఫోస్ అనే ఊరి రైతుబిడ్డ. క్వార్టుకు రెండు సెంట్ల చొప్పున స్ట్రాబెర్రీలు కోసి, 18 డాలర్లు కూడబెట్టి రెండంగుళాల టెలిస్కోపు కొనుక్కున్నారు. 1918 మార్చిలో చరతారల పరిశీలన మొదలుపెట్టి 1980లో చనిపోయేదాకా ఒక్క నెల కూడా మానలేదు. పన్నెండు తోకచుక్కలు కనుగొన్నారు. ఆయన టీ కరోనేను పాతికేళ్ల పాటు విడవకుండా చూశారు. ఒక్క మార్పూ లేదు. 1946 ఫిబ్రవరిలో ఒక రాత్రి రెండున్నరకు లేచి, జలుబు చేసేలా ఉందని మళ్లీ పడుకున్నారు. ఆ రాత్రే అది పేలింది. అప్పుడు దాన్ని చూసినవారిలో సోవియట్ దేశంలో రైలు పట్టాల కాపలా పనిచేసే కామెన్‌చుక్ ఒకరు. ఆయనకు తారల్ని గుర్తుపట్టడం వచ్చు, ఆ వేళ డ్యూటీలో ఆరుబయట ఉన్నారు, అంతే. పెల్టియర్ పాతికేళ్ల రాతలు మాత్రం వృథా కాలేదు. పేలుడుకు ముందు తార మసకబారిందని ఈనాడు మనకు తెలిసింది అలాంటి పరిశీలకులు మార్పేమీ లేదనుకుంటూనే రాసిపెట్టిన అంకెల వల్లే.

తోకచుక్కల వేటలో ఇప్పుడు పోటీ యంత్రాలతో. హవాయి నుంచి, చిలీ నుంచి, దక్షిణాఫ్రికా నుంచి స్వయంచాలిత టెలిస్కోపులు రాత్రి రాత్రంతా ఆకాశాన్ని జల్లెడ పడుతున్నాయి. 2024 సెప్టెంబరు చివర, అక్టోబరు తొలి రోజుల్లో హైదరాబాద్, బెంగళూరు వాసులు తెల్లవారుజామున ఫొటోలు తీసిన తోకచుక్క చైనాలోని జిజిన్‌షాన్ వేధశాలకూ, అట్లాస్ అనే యంత్ర వ్యవస్థకూ చిక్కినదే. మనిషికి ఇంకా చోటుందా అంటే ఉంది, అది సూర్యుడికి దగ్గర. సర్వే టెలిస్కోపులు సంధ్యాకాంతి వైపు ఎక్కువగా చూడవు. 2019 ఆగస్టులో క్రిమియాలో గెన్నాడీ బొరిసోవ్ స్వయంగా తయారుచేసుకున్న 65 సెంటీమీటర్ల టెలిస్కోపుతో ఉదయాకాశంలో పట్టుకున్న తోకచుక్క మన సౌరకుటుంబానికి చెందినదే కాదు, మరో తార దగ్గర్నుంచి వచ్చింది. 2023 ఆగస్టులో జపాన్‌లో హిదియో నిషిమురా మామూలు కెమెరాకు 200 మిల్లీమీటర్ల లెన్సు తగిలించి తీసిన ఫొటోల్లో, సూర్యోదయానికి ముందు తూర్పున ఆకుపచ్చని మచ్చ కనిపించింది. దానికి సి/2023 పి1 అని పేరు. సి అంటే మళ్లీ త్వరలో రానిది. పి అంటే ఆగస్టు మొదటి పక్షం. జనవరి మొదటి సగానికి ఏ, రెండో సగానికి బి, అలా ఐ వదిలేసి లెక్క. ఒకటి అంటే ఆ పక్షంలో మొదటిది.

మసక మచ్చ కనిపించిన ప్రతిసారీ తోకచుక్క కాదు. నీహారికలూ, తారా గుచ్ఛాలూ చిన్న టెలిస్కోపులో అచ్చం అలాగే ఉంటాయి. 18వ శతాబ్దంలో షార్ల్ మెస్సియే తన ప్రసిద్ధ పట్టిక తయారుచేసింది ఆ పొరపాటు జరగకుండానే. ప్రకాశవంతమైన తార ఏదైనా దగ్గరుంటే లెన్సులోనే దాని నీడబొమ్మ పుడుతుంది. కాబట్టి మొదట పటంలో వెతకాలి. తర్వాత ఒకటి రెండు గంటలు ఆగి అది తారల మధ్య కదిలిందా చూడాలి. కదిలితే స్థానం, సమయం కొలిచి అమెరికాలోని మైనర్ ప్లానెట్ సెంటర్‌కు తెలపాలి. అక్కడి నుంచి వార్త అందుకుని ఇతర దేశాల వాళ్లు చూస్తారు. మద్రాసులో మబ్బు పట్టినా ఇంకోచోట మూడో స్థానం దొరుకుతుంది. పోగ్సన్‌కు లేనిది ఇదే. 1872లో టెలిగ్రాం ఉంది గానీ, మర్నాడు ఆయన బదులు చూసేవారు లేరు.

తోకచుక్కలూ పేలతాయి. 2007 అక్టోబరులో 17పి/హోమ్స్ అనే తోకచుక్క సూర్యుడికి దగ్గరగా వచ్చి, తిరిగి దూరంగా వెళ్లిపోతోంది. పదిహేడో మాగ్నిట్యూడ్ దగ్గర పెద్ద టెలిస్కోపుకే కష్టంగా అందేది. రెండు రోజులు కూడా తిరక్కుండానే మూడో మాగ్నిట్యూడ్‌కు వచ్చింది, అంటే దాదాపు నాలుగు లక్షల రెట్లు. పర్సియస్ తారాగుంపులో మామూలు కంటికి కొత్త చుక్క వెలసినట్టే ఉంది. తర్వాత దాని ధూళి మేఘం వ్యాపించి సూర్యుడికన్నా పెద్దదైంది. 1892లో దీన్ని కనుగొన్ననాడు కూడా ఇలాంటి విజృంభణలోనే ఉంది. లోపల చిక్కుకున్న వాయువుల ఒత్తిడి పెరిగి పై పొర చీలుతుందని ఒక వివరణ. తోకచుక్కల వెలుగును ముందే లెక్కకట్టడం ఎంత కష్టమో 2013లో ఐసాన్ కూడా చూపించింది. మహా వెలుగు వెలుగుతుందన్నది, సూర్యుడి పక్కగా వెళ్తూ ముక్కలై కరిగిపోయింది.

పరిశీలన అంటే ఏం చేస్తారో దగ్గరగా చూద్దాం. అరగంట చీకట్లో ఉంటే తప్ప కన్ను సిద్ధపడదు. పటం చూడటానికి ఎర్రకాగితం చుట్టిన టార్చి చాలు. చరతార పటంలో పక్కనున్న స్థిరమైన చుక్కలకు అంకెలు వేసి ఉంటాయి. ఒకదాని పక్కన 84, ఇంకోదాని పక్కన 90. అంటే 8.4, 9.0. దశాంశ బిందువు పెడితే అదీ ఒక తారే అనుకునే ప్రమాదం ఉంది కాబట్టి పెట్టరు. మన తార మొదటిదాని కంటే మసకగా, రెండోదాని కంటే ప్రకాశంగా ఉంది. వాటి మధ్య దూరంలో మూడో వంతు దగ్గర ఉన్నట్టు తోస్తే 8.6 అని రాస్తారు. ఎర్రటి తారను తదేకంగా చూడకూడదు. చూసేకొద్దీ కంటికి అది ఇంకా వెలుగుతున్నట్టు అనిపిస్తుంది. ఒక్క చూపు చూసి వదిలేయాలి. తోకచుక్కకు పద్ధతి వేరు. దాని వెలుగు మచ్చంతా పరుచుకుని ఉంటుంది కాబట్టి, దాన్ని గుర్తుంచుకుని, పోల్చే తారను ఫోకస్ తప్పించి అంత మచ్చగా మార్చి అప్పుడు పోలుస్తారు. అలవాటైన కన్ను ఒకటి రెండు దశాంశాల తేడా పట్టగలదు.

అలాంటి కన్ను ఎంత విలువైనదో ఎస్ఎస్ సిగ్ని అనే తార చెబుతుంది. ఇది మరుగుజ్జు నోవా. ఇందులో అణు విస్ఫోటం లేదు. మరుగుజ్జు చుట్టూ తిరిగే వాయు పళ్లెం రెండు నెలలకోసారి ఉన్నట్టుండి వేడెక్కి పన్నెండో మాగ్నిట్యూడ్ నుంచి ఎనిమిదికి వస్తుంది. హబుల్ అంతరిక్ష టెలిస్కోపు కొలిచిన దూరం సిద్ధాంతంతో పొసగలేదు. రేడియో టెలిస్కోపులతో మళ్లీ కొలుద్దామంటే, అది రేడియో తరంగాలు వెదజల్లేది విజృంభించినప్పుడే. ఎప్పుడు విజృంభిస్తుందో చెప్పింది ఇళ్ల మేడల మీద నుంచి చూసే ఔత్సాహికులు. వాళ్ల కబురు అందిన వెంటనే రేడియో టెలిస్కోపులు తిరిగాయి. 2013లో వెలువడిన ఫలితం ప్రకారం దూరం దాదాపు 370 కాంతి సంవత్సరాలు. సిద్ధాంతం నిలబడింది.

హైదరాబాద్‌కు ఈ కథలో గౌరవనీయమైన చోటుంది. ప్రపంచ వేధశాలలు ఆకాశాన్ని పంచుకుని ఫొటోలు తీసిన మహా ప్రణాళికలో నిజామియా వేధశాల వంతుకు వచ్చిన దక్షిణ పట్టీ 17 నుంచి 23 డిగ్రీలది. పోగ్సన్ తార సరిగ్గా ఆ పట్టీలోనే ఉంది. అదే వేధశాలలో తండ్రి ఉద్యోగం చేస్తుండగా పెరిగిన వైను బాప్పు చిన్న వయసులోనే చరతారల మీద రాశారు. హైదరాబాద్ ప్రభుత్వ ఉపకార వేతనంతో హార్వర్డ్ వెళ్లి, 1949 జులై 2న తాను తీసిన ఫొటో పలక మీద ఒక తోకచుక్కను పట్టుకున్నారు. దానికి బాప్పు–బాక్–న్యూకిర్క్ అని పేరు. ఆ తర్వాత మన దేశంలో కవలూరు వేధశాలను నిలబెట్టారు. జెస్సోర్ ఖజానాలో గుమాస్తాగిరీ చేస్తూ 37 వేలకు పైగా చరతారల అంచనాలు పంపిన బెంగాలీ రాధాగోవింద చంద్రకు అమెరికాలోని చరతార పరిశీలకుల సంఘం అరువిచ్చిన ఆరంగుళాల టెలిస్కోపు ఒకటుంది. అది తర్వాత బాప్పు చేతికి వచ్చింది, చివరికి కవలూరు చేరింది.

మన రేఖాంశం నుంచి చూసేవారు ఇంకా పెరగాలని నా కోరిక. యూ స్కార్పియై లాంటిది గంటల్లో మారిపోతుంది. జపాన్‌లో తెల్లవారాక, యూరప్‌లో చీకటిపడకముందు రాత్రి మనది. వానాకాలం అడ్డు నిజమే. అయినా అక్టోబరు నుంచి మే దాకా దక్కన్ ఆకాశం బాగుంటుంది. మొదలుపెట్టేవారికి ఆర్ద్ర చాలు, పరికరం అక్కర్లేదు. 2019 చివర అది ఎంత మసకబారిందో ప్రపంచమంతా చూసింది. రోహిణితో, ప్రొసయాన్‌తో పోల్చి వారానికోసారి రాసుకోవచ్చు. టీ కరోనే ఉన్న ఉత్తర కిరీటం వేసవి సాయంత్రాల్లో స్వాతికీ అభిజిత్తుకూ మధ్య ఉంటుంది. బైనాక్యులర్స్ ఉంటే అటు చూడవచ్చు. రాసేటప్పుడు తేదీ, సమయం, అంచనా, పోల్చిన తారల అంకెలు రాయాలి. సమయంలోంచి ఐదున్నర గంటలు తీసేసి ప్రపంచ సమయం వేయాలి. తార కనిపించకపోతే, కనిపించిన వాటిలో అన్నిటికంటే మసకైన తార అంకె రాసి, దానికంటే మసకగా ఉందని రాయాలి. ఇది చాలామంది వదిలేస్తారు. కానీ ఒక తార ఫలానా రాత్రి తొమ్మిదికి ఇంకా పేలలేదని ఎవరో రాసి ఉంటేనే, మర్నాడు వెలిగినదాన్ని చూసినవారు పేలుడు ఏ గంటల మధ్య మొదలైందో చెప్పగలరు.